ముందు హారం సంగతి తేల్చండి: సంభావ్యత లెక్కల్లో చిక్కుకున్న పాఠకుడికి సమాధానం

ప్రశ్న: స్టాటిస్టిక్స్ కొత్తగా మొదలుపెట్టి సంభావ్యత పాఠం దగ్గరే ఆగిపోయాను. ఒకచోట సంభావ్యత రకాలంటే సాంప్రదాయిక, అనుభావిక, వ్యక్తినిష్ఠ అని ఉంది. ఇంకోచోట ఉపాంత, సంయుక్త, షరతు అని ఉంది. మొత్తం ఆరు రకాలా? ఎప్పుడు కూడాలో, ఎప్పుడు గుణించాలో అంతు పట్టడం లేదు. పరస్పర వివర్జిత ఘటనలన్నా స్వతంత్ర ఘటనలన్నా ఒకదానితో ఒకటి సంబంధం లేనివనే కదా? మరొకటి: రెండు పాచికలు వేస్తే వాటి మొత్తం 2 నుంచి 12 వరకు 11 రకాలుగా రావచ్చు. అలాంటప్పుడు మొత్తం 7 వచ్చే సంభావ్యత 1/11 కావాలి. పుస్తకం మాత్రం 1/6 అంటోంది. నా లెక్కలో తప్పెక్కడుంది?

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడదాం. మిగతా సందేహాలకు తాళంచెవి అందులోనే ఉంది.

ఒక పాచిక ఎరుపు, ఒకటి నీలం అనుకోండి. ఎరుపు మీద 6 రకాలు, వాటిలో ఒక్కోదానికి నీలం మీద 6 రకాలు. అంటే 36 పర్యవసానాలు. మొత్తం 2 రావాలంటే రెండింటి మీదా 1 పడాలి, ఒకటే దారి. మొత్తం 7 రావాలంటే ఎరుపు మీద 1 పడి నీలం మీద 6 పడవచ్చు, 2 పడి 5 పడవచ్చు, అలా 6 పడి 1 పడేదాకా ఆరు దారులు. కాబట్టి 7కు 6/36, అంటే 1/6. 2కు 1/36 మాత్రమే. మీరు లెక్కపెట్టిన 11 మొత్తాలూ నిజమైనవే, కానీ అవి సమానంగా తూగవు. ‘అనుకూల పర్యవసానాలు భాగించు మొత్తం పర్యవసానాలు’ అనే సూత్రం పర్యవసానాలన్నీ సమసంభవాలైనప్పుడే, అంటే అన్నిటికీ అవకాశం సమానమైనప్పుడే చెల్లుతుంది. ఆ షరతు నిర్వచనంలోనే ఉంటుంది. చదివేటప్పుడు కంటికి ఆనదు, అంతే.

పాచికలు రెండూ ఒకే రంగులో ఉంటే? లెక్క మారదు. మనం తేడా పట్టలేకపోయినంత మాత్రాన పాచికలు ఒకటైపోవు. ఈ పొరపాటుకు ఘనమైన చరిత్రే ఉంది. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ 1754లో, నాణేన్ని రెండుసార్లు వేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత 2/3 అని రాశాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో సరి. లేదా బొరుసు పడి తర్వాత బొమ్మ. లేదా రెండుసార్లూ బొరుసు. మూడు దారుల్లో రెండు అనుకూలం అన్నది ఆయన వాదన. మొదటి దారి బరువు 1/2, మిగతా రెండింటి బరువు 1/4 చొప్పున. సరైన జవాబు 3/4. అంతకు శతాబ్దం పైగా ముందే గెలీలియో ఇలాంటి చిక్కునే విప్పాడు. మూడు పాచికలు వేస్తే 9 రావడానికీ 10 రావడానికీ ఆరేసి అంకెల జట్లే ఉన్నాయి, మరి 10 ఎక్కువసార్లు ఎందుకొస్తుంది అన్నది జూదగాళ్ల సందేహం. ఆయన జట్లను వదిలేసి పాచికల వరసలు లెక్కపెట్టాడు: 216లో 9కి 25, 10కి 27. ఎందుకంటే 3, 3, 3 ఒక్క తీరుగానే పడుతుంది. 1, 2, 6 మాత్రం ఆరు తీరులుగా పడుతుంది.

గెలీలియో సరిచేసింది హారాన్ని. సంభావ్యతలో తప్పులు చాలామటుకు అక్కడే పుడతాయి. లవం లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. ‘వేటిలో?’ అన్న ప్రశ్న వేసుకోకుండానే పెన్ను కదిపేస్తాం.

ఇప్పుడు రకాల సంగతి. ఆరు రకాలు కావు. అవి రెండు వేర్వేరు పట్టికలు. మొదటిది ‘ఈ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది?’ అన్నదానికి జవాబు. రెండోది ‘ఈ సంఖ్య దేని గురించి చెబుతోంది?’ అన్నదానికి జవాబు. ఒకే సంభావ్యత అనుభావికం కావచ్చు, షరతు సంభావ్యతా కావచ్చు. రెండు పట్టికల్నీ ఒకే శీర్షిక కింద వేసే పుస్తకాలదే ఈ గందరగోళంలో సగం పాపం.

మొదటి పట్టిక. సాంప్రదాయిక పద్ధతిలో ప్రయోగం చేయకుండానే, కేవలం సౌష్ఠవాన్ని చూసి లెక్కపెడతాం: పాచిక ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి 1/6. పాచికలో ఒక పక్క బరువు పెడితే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. అప్పుడు అనుభావిక పద్ధతి కావాలి. వందలసార్లు వేసి, 6 ఎన్నిసార్లు పడిందో చూసి, మొత్తం వేసిన సార్లతో భాగించాలి. దీన్నే సాపేక్ష పౌనఃపున్యం అంటారు. బీమా లెక్కలు, యంత్రం పాడయ్యే రేట్లు, మందు పనిచేసే శాతం అన్నీ ఈ కోవకే వస్తాయి.

అనుభావిక పద్ధతిలో అందరూ జారే చోటు ఒకటుంది, అక్కడ కాస్త ఆగుదాం. ఫ్రెంచి శాస్త్రవేత్త బఫన్ 18వ శతాబ్దిలో నాణేన్ని 4040 సార్లు వేయిస్తే 2048 బొమ్మలు పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితవేత్త జాన్ కెరిచ్ 10,000 సార్లు వేస్తే 5067 పడ్డాయి. స్టాటిస్టిక్స్ పండితుడు కార్ల్ పియర్సన్ 24,000 సార్లలో 12,012 చూశాడు. సగం కన్నా ఎన్ని ఎక్కువో చూడండి: బఫన్‌కు 28, కెరిచ్‌కు 67. ప్రయోగాల సంఖ్య పెరిగింది, తేడా తగ్గలేదు సరికదా రెట్టింపు దాటింది. కానీ నిష్పత్తి చూస్తే బఫన్‌ది 0.5069, కెరిచ్‌ది 0.5067, పియర్సన్‌ది 0.5005. ప్రయోగాలు పెరిగేకొద్దీ నిష్పత్తి అసలు సంభావ్యతకు దగ్గరవుతుందని గణితవేత్త జేకబ్ బెర్నూలీ నిరూపించిన బృహత్ సంఖ్యల నియమం (ఆయన పోయాక 1713లో అచ్చయింది) భరోసా ఇచ్చేది నిష్పత్తికే. బొమ్మల లెక్కకు కాదు. నిక్కమైన నాణేన్ని వంద సార్లు వేస్తే బొమ్మలు సుమారుగా 40 నుంచి 60 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పదివేల సార్లకు 4900 నుంచి 5100 దాకా. ఇరవైకి ఒకసారి ఆ హద్దు కూడా దాటుతుంది. పది సార్లు వేసి ఏడు బొమ్మలు పడగానే నాణెం మోసమని తీర్మానించకండి.

దీనికి అవతలి కొస జూదరి భ్రమ. వరసగా ఐదు బొరుసులు పడ్డాయి కాబట్టి ఇక బొమ్మ బాకీ ఉందనుకోవడం. నాణేనికి పద్దు పుస్తకం ఉండదు. ముందు పడ్డ ఐదు బొరుసుల్నీ రాబోయే బొమ్మలు భర్తీ చేయవు. రాబోయే వేల ప్రయోగాల్లో ఆ ఐదూ కొట్టుకుపోతాయి, అంతే.

వ్యక్తినిష్ఠ సంభావ్యత ఒక్కసారే జరిగే విషయాలది. ఈ ఒప్పందం కుదురుతుందా, ఈ కొత్త విధానం ఫలిస్తుందా అని అడిగితే వెయ్యిసార్లు చేసి చూడలేం. తెలిసినవాళ్లు తమ నమ్మకాన్ని అంకెలో చెబుతారు. నోటికొచ్చిన అంకె అని తేలిగ్గా తీసేయకండి. కుదురుతుందని 0.6 అన్నవాడు కుదరదనడానికి 0.4 అనే తీరాలి. రెండూ 0.6 అంటే అతని నమ్మకాలు ఒకదానితో ఒకటి పొసగవు. వాటిమీద పందెం కాస్తే ఎటు జరిగినా నష్టపోయేలా పందేలు అల్లవచ్చని గణితవేత్తలు ఫ్రాంక్ రామ్సే, బ్రూనో డి ఫినెట్టీ చూపించారు. కొత్త సమాచారం వస్తే ఆ అంకె మారాలి కూడా.

కొన్ని పుస్తకాలు నాలుగోదిగా స్వీకృతాల (నిరూపణ అడగకుండా ఒప్పుకునే నియమాల) పద్ధతిని చేరుస్తాయి. రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1933లో మూడు నియమాలు పెట్టాడు: ఏ సంభావ్యతా రుణసంఖ్య కాకూడదు, శాంపుల్ ఆవరణ (అంటే సాధ్యమైన పర్యవసానాలన్నీ) మొత్తానికి 1, కలిసి జరగని ఘటనల్లో ఏదో ఒకటి జరిగే సంభావ్యత వాటి సంభావ్యతల మొత్తం. వీటితో మీకు ఒక్క అంకె కూడా దొరకదు. ఇవి వ్యాకరణం లాంటివి. అంకె పై మూడింట్లో ఎక్కడి నుంచి వచ్చినా ఈ వ్యాకరణానికి లోబడాలి. అందుకే దీన్ని నాలుగో రకంగా లెక్కించకపోవడమే మేలు.

రెండో పట్టిక ఉదాహరణతో చూస్తేనే తెగుతుంది. 200 మంది విద్యార్థులున్నారనుకోండి: సైన్స్ 120, ఆర్ట్స్ 80. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు సైన్స్‌లో 48 మంది, ఆర్ట్స్‌లో 42 మంది, మొత్తం 90. కాగితం మీద రెండు వరసలు, రెండు నిలువులు గీసి ఈ అంకెలు వేసుకోండి, పక్కనా కిందా మొత్తాలు రాయండి. యాదృచ్ఛికంగా ఒకరిని ఎంచుకుంటే:

కళ్లద్దాలుండే సంభావ్యత 90/200, అంటే 0.45. ఇది ఉపాంత సంభావ్యత. పట్టిక అంచున రాసిన మొత్తం నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. సైన్స్ విద్యార్థి అయ్యుండి కళ్లద్దాలు కూడా ఉండే సంభావ్యత 48/200, అంటే 0.24. ఇది సంయుక్తం. ఎంచుకున్నది సైన్స్ విద్యార్థినే అని తెలిశాక కళ్లద్దాలుండే సంభావ్యత 48/120, అంటే 0.40. ఇది షరతు సంభావ్యత. కొన్ని పుస్తకాల్లో నియత సంభావ్యత అని ఉంటుంది. అదే తిరగేసి, కళ్లద్దాలున్నాయని తెలిశాక సైన్స్ అయ్యే సంభావ్యత 48/90, సుమారు 0.53.

చివరి మూడింట్లో లవం అదే 48. మారింది హారమొక్కటే. అది పట్టుకోవడానికి తెలుగులో మంచి ఆనవాలుంది: ‘లో’ ఏ మాటకు తగిలిందో చూడండి. ‘సైన్స్ విద్యార్థులలో కళ్లద్దాలున్నవారు’ అంటే హారం 120. ‘కళ్లద్దాలున్నవారిలో సైన్స్ విద్యార్థులు’ అంటే 90. ‘మొత్తం విద్యార్థులలో’ అంటే 200. లెక్కలో ‘అని తెలిసినప్పుడు’, ‘అయిన పక్షంలో’ అని ఉంటే దాన్ని మనసులో ‘లో’ వచ్చే వాక్యంగా తిప్పి రాసుకోండి. హారం దానంతటదే బయటపడుతుంది.

ఈ తిరగేయడం దగ్గర చదువుకున్నవాళ్లు కూడా బోర్లాపడతారు. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉందనుకోండి. పరీక్ష జబ్బున్నవారిలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివారిలో 5 శాతం మందికి పొరపాటున ‘ఉంది’ అంటుంది. పరీక్ష ‘ఉంది’ అన్న మనిషికి నిజంగా జబ్బుండే సంభావ్యత ఎంత? తొంభై శాతమనే చాలామంది అంటారు. శాతాలు వదిలి 10,000 మందిని తీసుకోండి. జబ్బున్నవారు 100, వారిలో పరీక్షకు దొరికేవారు 90. లేనివారు 9900, వారిలో పొరపాటున దొరికేవారు 495. ‘ఉంది’ అనిపించుకున్నవారు మొత్తం 585. వారిలో నిజంగా జబ్బున్నవారు 90. అంటే 90/585, సుమారు 15 శాతం. మీరు తర్వాత చదవబోయే బేయీస్ సిద్ధాంతం చేసే పని ఇదే. సూత్రం మరిచిపోయినా ఇలా మనుషుల్ని లెక్కపెడితే జవాబు తప్పదు.

ఇక కూడాలా, గుణించాలా. ‘లేదా’ కనబడితే కూడిక, ‘మరియు’ కనబడితే గుణకారం అనే చిట్కా సగమే నిజం. మిగతా సగమే మార్కులు పోగొడుతుంది.

కూడికతో చిక్కేమిటంటే ఒకరినే రెండుసార్లు లెక్కపెట్టేయడం. సైన్స్ విద్యార్థి గానీ కళ్లద్దాలున్నవారు గానీ అయ్యే సంభావ్యతకు 120, 90 కూడితే 210 వస్తుంది; ఉన్నదే 200 మంది. రెండు గుంపుల్లోనూ ఉన్న 48 మందిని ఒకసారి తీసేయాలి: 162/200, అంటే 0.81. సరిచూసుకోవడం సులువు: ఆర్ట్స్ చదువుతూ కళ్లద్దాలు లేనివారు 38 మంది, 200లో 38 పోతే 162. రెండు ఘటనలూ కలిసి జరగవని ఖాయమైతేనే, అంటే పరస్పర వివర్జితాలైతేనే, ఈ తీసివేత అక్కర్లేదు. ఇంకో మాట: మామూలు సంభాషణలో ‘అది లేదా ఇది’ అంటే రెండింట్లో ఒకటే అనుకుంటాం, సంభావ్యతలో రెండూ జరిగినా ‘లేదా’ కిందికే వస్తుంది.

గుణకారంతో చిక్కు రెండో మెట్టు దగ్గర. పెట్టెలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి రెండు తీస్తున్నాం. మొదటిది తిరిగి వేయకపోతే రెండూ ఎర్రవయ్యే సంభావ్యత 5/8 × 4/7, అంటే 20/56. తిరిగి వేస్తే 5/8 × 5/8, అంటే 25/64. గుణించే రెండో భిన్నం ఎప్పుడూ షరతు సంభావ్యతే. మొదటిది జరిగిపోయాక పెట్టెలో ఏముందో చూసి రాయాలి. ‘సరిగ్గా ఒకటి ఎర్రది’ అని అడిగితే చాలామంది 5/8 × 3/7 రాసి 15/56 దగ్గర ఆగిపోతారు. అది ఎరుపు ముందు, నీలం తర్వాత వచ్చే దారి మాత్రమే. నీలం ముందు వచ్చే దారికి ఇంకో 15/56. రెండూ కలిపితే 30/56. రెండూ నీలమయ్యేది 3/8 × 2/7, అంటే 6/56. 20, 30, 6 కలిపితే 56. ఇలా అన్నీ కూడి 1 వస్తుందో లేదో చూడడానికి అర నిమిషం పడుతుంది. అలవాటు చేసుకోండి.

‘కనీసం ఒకటి’ అన్న మాట కనబడగానే పూరక ఘటన వైపు, అంటే ‘ఒక్కటీ జరగకపోవడం’ వైపు తిరగండి. నాలుగుసార్లు పాచిక వేస్తే కనీసం ఒక్క 6 పడే సంభావ్యతను 1/6 నాలుగుసార్లు కూడి 4/6 అనేస్తారు. ఆ లెక్కన ఆరుసార్లు వేస్తే 6 పడి తీరాలి, ఏడుసార్లు వేస్తే సంభావ్యత 7/6! ఒక్క 6 కూడా పడకపోవడానికి 5/6 ను నాలుగుసార్లు గుణించి (625/1296) 1 నుంచి తీసేయండి: 671/1296, సుమారు 0.518. జత పాచికల్ని 24 సార్లు వేసి రెండు ఆరుల కోసం చూస్తే 1 నుంచి 35/36 యొక్క 24వ ఘాతం తీసేయాలి. అది సుమారు 0.491. ఒకటి సగానికి పైన, ఇంకొకటి కింద. 4కు 6 ఎంతో 24కు 36 అంతే కాబట్టి రెండూ సమానమే కావాలనుకున్న ఫ్రెంచి జూదగాడు షెవాలియే ద మెరే ఈ తేడా చూసి తికమకపడ్డాడంటారు. గణితవేత్తలు పాస్కల్, ఫెర్మాల మధ్య 1654లో నడిచిన ఉత్తరాల్లో ఈ ప్రస్తావన ఉంది.

మిగిలింది పరస్పర వివర్జితం, స్వతంత్రం. ఇవి ఒకటి కాకపోవడమే కాదు, దాదాపు ఎదురెదురు. పాచిక మీద సరిసంఖ్య పడడం ఒక ఘటన, 1 గానీ 3 గానీ పడడం ఇంకో ఘటన. కలిసి జరగవు, అంటే పరస్పర వివర్జితాలు. రెండోది జరిగిందని ఎవరైనా చెబితే మొదటిదాని సంభావ్యత 1/2 నుంచి ఒక్కసారిగా 0కు పడిపోతుంది. ఒకదాని కబురు ఇంకోదాన్ని ఇంతగా మార్చేస్తుంటే అవి స్వతంత్రాలెలా అవుతాయి? సున్నా కాని సంభావ్యతలున్న రెండు ఘటనలు పరస్పర వివర్జితాలైతే స్వతంత్రాలు కానే కావు. రెండూ కలిసి జరిగే సంభావ్యత, విడివిడి సంభావ్యతల లబ్ధానికి సమానమైతేనే అవి స్వతంత్రాలు. ఇప్పుడు రెండో ఘటనను 1 గానీ 2 గానీ పడడంగా మార్చండి. రెండూ జరిగేది 2 పడినప్పుడే: 1/6. విడివిడిగా 1/2, 1/3, లబ్ధం 1/6. సరిపోయింది, కాబట్టి ఒకే పాచికను ఒకేసారి వేసినా ఇవి స్వతంత్రాలు. రెండో ఘటనను 1, 2, 3లలో ఏదో ఒకటి పడడమని పెంచితే రెండూ జరిగేది అదే 1/6, లబ్ధం మాత్రం 1/4, స్వతంత్రం పోయింది. చూడ్డానికి సంబంధం ఉందా లేదా అని ఊహించవద్దు, గుణించి చూడండి. పై పట్టికలోనూ అంతే: 0.60 × 0.45 అంటే 0.27, సంయుక్తం 0.24. స్వతంత్రాలు కావాలంటే కళ్లద్దాలున్న సైన్స్ విద్యార్థులు 54 మంది ఉండాల్సింది.

అభ్యాసం చేసేటప్పుడు సూత్రం రాసే ముందు మూడు వాక్యాలు రాయండి: ప్రయోగం ఏమిటి, ఒక పర్యవసానం ఎలా ఉంటుంది (‘ఎరుపు 2, నీలం 5’ అన్నంత స్పష్టంగా), అవన్నీ సమసంభవాలేనా. భిన్నాల్ని చివరిదాకా భిన్నాలుగానే ఉంచండి. మధ్యలో దశాంశాలకు మార్చి గుండ్రం చేస్తే చివరి అంకె జరుగుతుంది, మొత్తం 1 రాదు. ‘అనుకూలానికి 1:3’ (అనుకూలం ఒక వంతు, ప్రతికూలం మూడు వంతులు) అని ఇస్తే సంభావ్యత 1/4, 1/3 కాదు; అక్కడా హారం మొత్తానిదే.

ఈ లెక్క మీరే చేసి చూడండి. రెండు పాచికలు వేశారు. ఎరుపు పాచిక మీద 6 పడిందని చెప్పారు. రెండింటి మీదా 6 పడే సంభావ్యత ఎంత? ఎరుపు మీద 6 ఉన్న పర్యవసానాలు 6, కాబట్టి 1/6. ఇప్పుడు మాట కాస్త మార్చి, రెండింట్లో కనీసం ఒకదాని మీద 6 పడిందని మాత్రమే చెప్పారు. 36లో అలాంటివి ఎన్నో కాగితం మీద గళ్లు గీసి లెక్కపెట్టండి. సరిగ్గా 11 వస్తాయి, వాటిలో రెండూ ఆరులైనది ఒక్కటి. ఈసారి ఆ పదకొండూ సమసంభవాలే, కాబట్టి మీ 1/11 ఈ లెక్కకు సరైన జవాబు.